ముట్లు ఆగాక బ్లీడింగ్: డీఎన్‌ఏ స్వాబ్ పరీక్ష చేయిస్తే బయాప్సీ తప్పుతుందా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్లకు కూడా అర్థమవుతుంది. మీది పలమనేరు. అమ్మకు 58 ఏళ్లు, ముట్లు ఆగి ఆరేళ్లయింది. షుగర్ ఉంది, కాస్త లావు. ఈ మధ్య రెండుసార్లు ఎర్రమరక కనిపించింది. చిత్తూరులో స్కాన్ తీస్తే గర్భసంచి లోపలి పొర 9 మిల్లీమీటర్లు ఉందన్నారు, బయాప్సీ, అంటే ఆ పొర ముక్క తీసి పరీక్ష, చేయాలన్నారు. అమ్మ భయపడుతోంది. స్వాబ్‌తోనో (దూదిపుల్లతో తీసే నమూనా) మూత్రంతోనో డీఎన్‌ఏ మిథైలేషన్ పరీక్ష చేసి గర్భసంచి క్యాన్సర్‌ను ముందే పట్టేస్తారని మీరు ఫోన్‌లో ఒక వీడియో చూశారు. అది చేయించుకుని, బాగుందని వస్తే బయాప్సీ మానేయవచ్చా అని మీ ప్రశ్న.

మానకండి అమ్మా. బయాప్సీ ఈ వారంలోనే చేయించండి. ఆ పరీక్ష బూటకమని నేను అనడం లేదు. అది నిజమైన పరీక్ష, దాని వెనక గట్టి సైన్సు ఉంది, నాకు దాని మీద చాలా ఆశ కూడా ఉంది. తిరుపతిలో గైనకాలజిస్టుగా చాలా ఏళ్లు పనిచేసినదాన్ని, ఇలాంటి పరీక్ష మన ఆడవాళ్లకు ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ మీ అమ్మగారి పరిస్థితిలో అది బయాప్సీకి బదులు కాదు. ఎందుకో వివరంగా రాస్తాను. పరీక్ష ఎలా పనిచేస్తుందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో మీకే తెలుస్తుంది.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఉండే డీఎన్‌ఏ దాదాపు ఒకటే. కంటి కణంలో ఉన్నదే గర్భసంచి కణంలోనూ ఉంటుంది. కానీ ఏ కణంలో ఏ జన్యువు పనిచేయాలి, ఏది నిద్రపోవాలి అన్నది డీఎన్‌ఏ మీద ఉండే చిన్న చిన్న రసాయన గుర్తులు నిర్ణయిస్తాయి. ఒకే పుస్తకంలో కొన్ని పేజీలను కలిపి పిన్ను కొట్టేస్తే ఆ పేజీలు చదవలేం కదా, అలాగన్నమాట. అక్షరాలు మారవు, చదవడం ఆగిపోతుంది. ఆ గుర్తు పేరు మిథైల్. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్‌లు కలిసిన చిన్న ముక్క. అది డీఎన్‌ఏలోని సైటోసిన్ అనే అక్షరానికి, ముఖ్యంగా సైటోసిన్ పక్కన గ్వానిన్ ఉన్న చోట, అతుక్కుంటుంది. దాన్నే మిథైలేషన్ అంటారు.

కణం క్యాన్సర్ దారి పట్టినప్పుడు ఈ గుర్తులు తారుమారవుతాయి. కణాల పెరుగుదలను అదుపులో పెట్టే కొన్ని జన్యువుల మొదట్లో మిథైల్ గుర్తులు విపరీతంగా చేరి వాటి పని ఆపేస్తాయి. ఇది క్యాన్సర్ ముదిరాక జరిగే మార్పు కాదు, బాగా ముందే మొదలవుతుంది. పొర మందంగా పెరిగి కణాల రూపం మారుతున్న దశలోనే, అంటే అసలు క్యాన్సర్‌కు ముందు మెట్టులోనే, చాలామందిలో ఈ గుర్తులు కనిపిస్తాయి. తొలిదశలో పట్టుకునే పరీక్షగా దీని మీద ఇంత ఆశ పెట్టుకోవడానికి కారణం ఇదే.

మరి గర్భసంచి లోపలికి వెళ్లకుండా ఆ కణాలు ఎలా దొరుకుతాయి? గర్భసంచి లోపలి పొర స్వభావమే రాలడం. ముట్లు ఆగాక కూడా కొద్దికొద్దిగా కణాలు, వాటి డీఎన్‌ఏ ముక్కలు గర్భాశయ ముఖద్వారం గుండా యోనిలోకి జారుతుంటాయి. రోగం ఉన్న పొర ఇంకా ఎక్కువ రాలుస్తుంది. అందుకే యోనిలో పెట్టి తీసిన దూదిపుల్లలో అవి దొరుకుతాయి. మూత్రం పోసేటప్పుడు మొదటి ధారలోకి కూడా కొన్ని కొట్టుకొస్తాయి. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు ట్యాంపన్‌తో (యోనిలో పెట్టుకునే దూది చుట్ట) సేకరించి చూశారు. ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు మూత్రం, ఇంట్లోనే ఎవరికి వారు తీసుకున్న స్వాబ్, ముఖద్వారం నుంచి డాక్టరు తీసిన నమూనా, ఈ మూడింటినీ పోల్చి చూశారు. తొలిదశ గర్భసంచి క్యాన్సర్‌కు రక్తపరీక్ష ఎందుకు పెద్దగా ఉపయోగపడదో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. అప్పటికి గడ్డ చిన్నది, రక్తంలోకి చేరే డీఎన్‌ఏ మరీ తక్కువ. కింది దారిలో మాత్రం పుష్కలంగా దొరుకుతుంది.

ల్యాబ్‌లో చేసే పని ఇది. నమూనాలోని డీఎన్‌ఏను బైసల్ఫైట్ అనే రసాయనంతో కలుపుతారు. మిథైల్ గుర్తు లేని సైటోసిన్‌లన్నీ యురాసిల్‌గా మారిపోతాయి. గుర్తు ఉన్నవి మారకుండా నిలుస్తాయి. ఆ తర్వాత పీసీఆర్, అంటే కావలసిన డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసి పెంచే పద్ధతి. కరోనా రోజుల్లో అందరికీ తెలిసిన అదే పీసీఆర్. మారకుండా నిలిచిన వరసను మాత్రమే పట్టుకునేలా దాన్ని తయారుచేస్తారు. కాబట్టి వేల మామూలు కణాల మధ్య కొన్నే రోగకణాలున్నా వాటి జాడ బయటపడుతుంది. ఒక చిక్కు ఉంది. బైసల్ఫైట్ డీఎన్‌ఏను బాగా దెబ్బతీస్తుంది, ముక్కలు చేస్తుంది. నమూనాలో సరుకు తక్కువుంటే ఏమీ మిగలదు. అందుకే మంచి కిట్‌లో, గుర్తులతో సంబంధం లేని మరో జన్యువును పక్కన పెట్టి, డీఎన్‌ఏ సరిపడా ఉందో లేదో ముందు చూసుకుంటారు. సరిపడా లేకపోతే ఫలితం చెల్లదని రాయాలి, నెగటివ్ అని రాయకూడదు. ఈ రెంటికీ ఉన్న తేడా రోగికి ప్రాణంతో సమానం.

జన్యువుల్లో వచ్చే మ్యుటేషన్‌లను, అంటే డీఎన్‌ఏ అక్షరాలే మారిపోవడాన్ని, వెతకవచ్చు కదా, మిథైలేషనే ఎందుకు అని కొందరు డాక్టర్లు కూడా అడుగుతుంటారు. 2018లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వాళ్లు అలాంటి పరీక్షనే తయారుచేశారు. పాప్ బ్రష్‌తో (ముఖద్వారం దగ్గర కణాలు తీసే చిన్న బ్రష్) తీసిన నమూనాలో గర్భసంచి క్యాన్సర్లలో 81 శాతం దొరికాయి. అయితే ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. వయసు పెరిగేకొద్దీ ఆరోగ్యంగా ఉన్న గర్భసంచి పొరలో కూడా క్యాన్సర్‌కు సంబంధించిన మ్యుటేషన్‌లు పేరుకుంటాయని 2020లో తేలింది. అవి కనిపించినంత మాత్రాన రోగం ఉన్నట్టు కాదు. పైగా ఒక్కొక్కరి గడ్డలో ఒక్కో జన్యువు చెడుతుంది. మిథైలేషన్ అలా కాదు. చాలా గడ్డల్లో అవే చోట్ల గుర్తులు పడతాయి. అందుకే రెండు మూడు జన్యువులు చూస్తే చాలు. తైవాన్ పరిశోధకులు బీహెచ్‌ఎల్‌హెచ్‌ఈ22, సీడీఓ1, సీఈఎల్‌ఎఫ్4 అనే మూడింటిని గుర్తించారు. వాటిలో చివరి రెండింటిని చైనాలో విస్తృతంగా వాడుతున్నారు. యూరప్‌లో మార్టిన్ విడ్‌ష్‌వెండ్టర్ బృందం జెడ్‌స్కాన్12, జీవైపీసీ అనే జన్యువులతో పరీక్ష తయారుచేసింది.

ఆ యూరప్ పరీక్ష ఫలితాలు 2023లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వచ్చాయి. లండన్ యూనివర్సిటీ కాలేజ్ ఆస్పత్రికి అసహజ రక్తస్రావంతో వచ్చిన 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లను, దాదాపు 400 మందిని, పరీక్షించారు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో 90.9 శాతం మందిని పట్టింది. లేనివాళ్లలో 92.1 శాతం మందికి లేదని సరిగ్గా చెప్పింది. స్కాన్‌తో పోలిస్తే అనవసరంగా భయపెట్టిన సందర్భాలు బాగా తక్కువ. ఇది చిన్న విషయం కాదు. కానీ ఇంకొకటి కూడా చూడాలి. ఆ 400 మందిలో క్యాన్సర్ తేలినవాళ్లు పది పన్నెండు మందే. అంత కొద్దిమంది మీద వచ్చిన 90.9 అనే అంకెను పట్టుకుని మన అమ్మ ప్రాణం మీద నిర్ణయం తీసుకోలేం. ఇప్పటిదాకా పెద్ద అధ్యయనాలు ఎక్కువగా యూరప్, చైనాల్లోనే జరిగాయన్నది కూడా మరిచిపోవద్దు.

ఇప్పుడు మీ అమ్మగారికి దీన్ని అన్వయిద్దాం. ముట్లు ఆగాక రక్తం కనిపించిన వంద మందిలో సుమారు తొమ్మిది మందికి గర్భసంచి క్యాన్సర్ ఉంటుందని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. అంటే తొంభై మందికి పైగా అది కాదు. పొర పలచబడి ఎండిపోవడమో, పాలిప్ అనే చిన్న పిలకో కారణమవుతుంది. మీ అమ్మగారికి ఈ మాట తప్పకుండా చెప్పండి, సగం భయం తగ్గుతుంది. ఆ వంద మందికీ స్వాబ్ పరీక్ష చేశామనుకోండి. తొమ్మిది మందిలో ఎనిమిది మంది దొరుకుతారు, ఒకరు జారిపోతారు. మిగిలిన 91 మందిలో ఏడుగురికి లేకపోయినా ఉందని వస్తుంది. నెగటివ్ వచ్చిన 85 మందిలో ఒకరు రోగంతోనే ఇంటికి వెళ్తారు. వందలో ఒకరే కదా అనిపించవచ్చు. కానీ మీ అమ్మగారికి షుగర్ ఉంది, బరువు ఎక్కువ, పొర 9 మిల్లీమీటర్లు ఉంది. ముట్లు ఆగాక రక్తం కనిపించినవాళ్లకు లోపలి స్కాన్‌లో పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి చూడాలన్నది ఎప్పటినుంచో ఉన్న నియమం. ఆమె మామూలు వంద మందిలో ఒకరు కాదు, ప్రమాదం ఎక్కువున్న గుంపులో ఉన్నారు. ఆ గుంపులో నెగటివ్ ఇచ్చే ధైర్యం కూడా తగ్గుతుంది.

పాజిటివ్ వచ్చినా చేయాల్సింది బయాప్సీనే. క్యాన్సరా, క్యాన్సర్‌కు ముందు దశా, ఏ రకం, ఎంత ఉధృతమైనది అన్నది మైక్రోస్కోప్ కింద ముక్కను చూస్తేనే తెలుస్తుంది. ఆపరేషన్ ఎలా చేయాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. అంటే ఫలితం ఏదైనా మీ అమ్మగారి దారి బయాప్సీ గదికే వెళ్తుంది. మధ్యలో ఆ పరీక్ష కోసం ఆగితే డబ్బు, రోజులు రెండూ పోతాయి.

బయాప్సీ అంటే ఆమె ఏం ఊహించుకుంటున్నారో నాకు తెలుసు. మత్తు ఇచ్చి, కోసి, రోజుల తరబడి ఆస్పత్రిలో పడుకోబెడతారని. అలా ఉండదు. ఎక్కువమందికి సరిపోయేది పైపెల్ అనే సన్నని ప్లాస్టిక్ గొట్టం. మందం 3 మిల్లీమీటర్ల చిల్లర. ఓపీలోనే పడుకోబెట్టి, ముఖద్వారం గుండా లోపలికి పంపి, వెనక్కి లాగితే పొర ముక్కలు అందులోకి వస్తాయి. నిమిషమో రెండు నిమిషాలో పడుతుంది. మునుపు ముట్టు నొప్పి ఎలా వచ్చేదో అలాంటి పట్టేసే నొప్పి కాసేపు ఉంటుంది. ముందే ఒక నొప్పి మాత్ర వేసుకోవచ్చా అని డాక్టరును అడగండి. ఒకటి రెండు రోజులు కొద్దిగా మరక కనిపించవచ్చు. కొందరికి వయసు వల్ల ముఖద్వారం ముడుచుకుపోయి గొట్టం వెళ్లదు, లేదా ముక్క సరిపోదు. అప్పుడు హిస్టరోస్కోపీ చేసి కెమెరాతో చూస్తూ తీస్తారు. దానికి కొద్దిగా మత్తు ఇవ్వవచ్చు. ‘ముక్క సరిపోలేదు’ అని రిపోర్టు వస్తే అది ‘బాగుంది’ అని కాదు. ఈ మాట రాసి పెట్టుకోండి.

ఇంకో అపోహ మన దగ్గర బాగా ఉంది. తిరుపతి స్విమ్స్ ఆస్పత్రి వాళ్ల క్యాన్సర్ పరీక్షల పింక్ బస్సు ఊరికి వచ్చినప్పుడు పరీక్ష చేయించుకున్నాం, పాప్ బాగుందన్నారు, ఇక గర్భసంచికి ఏమీ లేదు అనుకుంటారు. ఆ క్యాంపుల వల్ల చాలా మేలు జరుగుతోంది, తప్పకుండా వెళ్లాలి. కానీ పాప్ చూసేది గర్భాశయ ముఖద్వారాన్ని. అక్కడి క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ వైరస్. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కు ఆ వైరస్‌తో సంబంధం లేదు, పాప్‌లో అది చాలాసార్లు కనిపించదు. దానికి కారణాలు వేరు. ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ తోడు లేకుండా ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఎక్కువకాలం పొర మీద పనిచేయడం ముఖ్యమైనది. ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది, అందుకే బరువుకు దీనికి అంత దగ్గరి సంబంధం. షుగర్, పీసీఓడీ, పిల్లలు కలగకపోవడం, ముట్లు ఆలస్యంగా ఆగడం, రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ మాత్రలు వాడటం కూడా ప్రమాదాన్ని పెంచుతాయి. మన జిల్లాల్లో షుగర్, బరువు ఎలా పెరుగుతున్నాయో చూస్తే ఈ రోగం గురించి ఇంకా గట్టిగా మాట్లాడాలనిపిస్తుంది.

మాట్లాడటం దగ్గరే మనవాళ్లకు అడ్డు. ముట్లు ఆగిన ఆవిడకు మరక కనబడితే ‘వేడి చేసిందిలే’ అని ఊరుకుంటారు. కొండకు పోవాల్సి ఉంటే, ఇంట్లో పూజ ఉంటే, కోడలికి తెలిస్తే అంటు అంటారేమోనని దాచేస్తారు. ముట్లు ఆగాక కనిపించేది ముట్టు కాదు అమ్మా, అంటూ లేదు, దాచాల్సిందీ లేదు. అది లక్షణం. గర్భసంచి క్యాన్సర్ వచ్చినవాళ్లలో పదిమందికి తొమ్మిది మందిలో ఈ రక్తమే కనిపిస్తుంది. ఇంత ముందుగా, ఇంత స్పష్టంగా హెచ్చరించే క్యాన్సర్లు తక్కువ. గర్భసంచి దాటకుండా ఉన్నప్పుడే పట్టుకుంటే ఐదేళ్లు దాటి బతికేవాళ్లు అమెరికా లెక్కల్లో 95 శాతం దాకా ఉన్నారు. దూరంగా పాకాక అది ఐదుగురిలో ఒకరికి పడిపోతుంది. మీ అమ్మగారు రెండో మరకకే చెప్పారు, మీరు వెంటనే చూపించారు. సగం పని మీరు చేసేశారు.

ఇక ఆ పరీక్ష మీద నా ఆశ ఎక్కడుందో చెబుతాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే, చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో ఉంటుంది. నలభై ఐదేళ్లావిడకు ముట్టు ఎక్కువ పోతే, స్కాన్‌లో ఒక గడ్డ కనిపిస్తే, ‘తీసేస్తే పీడా పోతుంది, లేకపోతే క్యాన్సర్ అవుతుంది’ అనేస్తారు. ముక్క పరీక్ష కూడా చేయకుండా తీసేసినవి నేను చూశాను. ఇందులో రెండు రకాల అన్యాయం ఉంది. ఏ రోగమూ లేని మనిషి గర్భసంచి పోగొట్టుకుంటుంది. నిజంగా క్యాన్సర్ ఉన్న మనిషికి మామూలు ఆపరేషన్ జరిగి, ఆ తర్వాత రిపోర్టులో బయటపడుతుంది. అప్పటికి అండాశయాలు, లింఫ్ గ్రంథులు చూడాల్సిన అవకాశం జారిపోయి ఉంటుంది. ఓ దూదిపుల్లతో, పల్లెలో నర్సమ్మ తీయగలిగే నమూనాతో, ఎవరికి బయాప్సీ తక్షణం అవసరమో చెప్పే పరీక్ష మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తే ఈ రెండూ తగ్గుతాయి. గడ్డలు, లావు వల్ల స్కాన్‌లో పొర సరిగా కనబడని వాళ్లకు, పొర పలచగానే ఉండి లోపల ఉధృతమైన రకం క్యాన్సర్ దాగున్న వాళ్లకు కూడా ఇది అక్కరకొస్తుంది. ఇక్కడి ఆడవాళ్ల మీద, ఇక్కడి ఆస్పత్రుల్లో దీన్ని పరీక్షించి చూడాలి. స్విమ్స్, స్వీకార్ క్యాన్సర్ ఆస్పత్రి లాంటి సంస్థలున్న తిరుపతిలో అది జరగాలని నా కోరిక.

అయితే ఏ లక్షణమూ లేనివాళ్లు ప్యాకేజీలో భాగంగా చేయించుకోవడం వేరే సంగతి. వెయ్యి మంది ఆరోగ్యవంతుల్లో ఒకరికి రోగం ఉందనుకుందాం. పైన చెప్పిన 92.1 శాతంతోనే లెక్కేస్తే, ఆ ఒక్కరి కోసం దాదాపు 80 మందికి లేని రోగం ఉందేమోనని చెబుతాం. ఆ 80 మందికీ స్కాన్, బయాప్సీ, వారాల టెన్షన్. కాబట్టి రక్తం కనిపించని మీ పిన్నికో పక్కింటావిడకో దీన్ని సిఫారసు చేయకండి. యూరప్‌లో, చైనాలో కిట్లు మార్కెట్‌లోకి వచ్చాయి కాబట్టి ఇక్కడా ఎవరో ఒకరు అమ్మజూపుతారు. అప్పుడు ఏ జన్యువులు చూస్తున్నారు, ఎలాంటి ఆడవాళ్ల మీద పరీక్షించారు, నమూనా చాలకపోతే ఏమని రాస్తారు, పాజిటివ్ వస్తే తర్వాత ఎవరు చూస్తారు అని అడగండి. ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పలేని వాళ్లకు డబ్బు కట్టొద్దు.

మీరు చేయాల్సింది చెబుతాను. పలమనేరు నుంచి మీకు వేలూరు సీఎంసీ కూడా దగ్గరే, తిరుపతి కూడా దగ్గరే. ఎక్కడ తొందరగా తేదీ దొరికితే అక్కడికి వెళ్లండి. స్కాన్ రిపోర్టు, షుగర్ రిపోర్టులు, వాడే మాత్రల కవర్లు తీసుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు కూడా దగ్గర పెట్టుకోండి. మరక ఏ తేదీల్లో ఎంత కనిపించిందో కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. బయాప్సీ బాగుందని వచ్చినా, మళ్లీ రక్తం కనిపిస్తే పాత రిపోర్టు చూసుకుని ఊరుకోకుండా మళ్లీ చూపించాలి.

చివరగా మీ గురించి. ఒకవేళ ముక్కలో క్యాన్సర్ అని వస్తే, ఎంఎంఆర్ ప్రొటీన్ల (డీఎన్‌ఏలో పడే తప్పులను సరిదిద్దే ప్రొటీన్లు) పరీక్ష చేశారా అని తప్పక అడగండి. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అని నాలుగు ఉంటాయి. వీటిలో ఎంఎల్‌హెచ్1 కనిపించకపోతే దాని జన్యువు మీద మిథైలేషన్ ఉందా అని చూస్తారు. మీరు అడిగిన మిథైలేషన్ పరీక్ష ఇప్పటికే వైద్యంలో స్థిరపడిన చోటు ఇది. గుర్తులు ఉంటే ఆ మార్పు దాదాపు ఎప్పుడూ ఆ గడ్డలో మాత్రమే వచ్చినది, పిల్లలకు వచ్చేది కాదు. గుర్తులు లేకపోతే, లేదా ఎంఎల్‌హెచ్1 ఉండి మిగతా మూడింటిలో ఏదైనా కనిపించకపోతే, లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య సమస్య కావచ్చు. అప్పుడు ముందు అమ్మగారికి రక్తంతో జన్యు పరీక్ష చేస్తారు. ఆమెలో లోపం తేలితే మీకూ మీ తోబుట్టువులకూ అదే పరీక్ష అవసరమవుతుంది, లోపం ఉన్నవాళ్లు పెద్దపేగు పరీక్షలు కూడా చిన్న వయసు నుంచే మొదలుపెట్టాల్సి ఉంటుంది. మీ అమ్మమ్మ వైపు ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ గానీ గర్భసంచి క్యాన్సర్ గానీ యాభై ఏళ్లలోపు వచ్చి ఉంటే, ఆ సంగతి మొదటి రోజే డాక్టరుకు చెప్పండి.